పండగ తేదీ ఎవరు పెట్టాలి?

పర్యావరణహిత గిరిజన ఉత్సవం అనగానే ఆహ్వానపత్రికలో ఏముంటుందో చదవకుండానే చెప్పేయొచ్చు. వెదురు వేదిక, అడ్డాకు విస్తర్లు, చోడి (రాగి) అంబలి, కొర్రన్నం, థింసా ఆట, సవర బొమ్మల ప్రదర్శన, తేనె, కొండచీపుర్లు అమ్మే రెండు మూడు స్టాళ్లు, చివర్లో ప్లాస్టిక్ నిషేధమన్న బోర్డు. ఆ బోర్డు చాలాసార్లు ఫ్లెక్సీ మీదే అచ్చయి ఉంటుంది.

వీటిలో చెడ్డవేవీ లేవు, ఆ బోర్డు తప్ప. కానీ శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో అలాంటి ఉత్సవం పెట్టాలన్న మాట ఎప్పుడొచ్చినా చర్చ ఈ సామాన్ల పట్టీ దగ్గరే ఆగిపోతోంది. విస్తరి ఆకుదా ప్లాస్టిక్‌దా అన్నది తేలిక ప్రశ్న. పండగ ఎవరిది, ఎప్పుడు చేయాలో ఎవరు చెప్పాలి, ఏది చూపించొచ్చు, వచ్చిన డబ్బు ఏ ఊళ్లో మిగులుతుంది అన్నవి కష్టమైనవి. ఒకదాని ముడి ఇంకోదానికి పడి ఉన్నాయి. నా మటుకు నాకు ముడి విప్పడం మొదలెట్టాల్సింది తేదీ దగ్గర.

కొండ మీద సవర, జాతాపు గూడేల్లో ఏడాది పొడుగునా వచ్చే పండగల్లో ఎక్కువ భాగం ‘కొత్త’లు. మామిడి కొత్త, కొర్ర కొత్త, కంది కొత్త, చిక్కుడు కొత్త. గూడేన్ని బట్టి పేర్లూ వరసా మారతాయి గానీ నియమం ఒక్కటే. పంట చేతికొచ్చినా, కాయ కళ్లెదుట వేలాడుతున్నా, అమ్మవారికీ చనిపోయిన పెద్దలకీ పెట్టేదాకా ఇంట్లో వండకూడదు, నోట్లో వేసుకోకూడదు. ఏ రోజు పెట్టాలో గూడెం పెద్దలూ పూజ చేసే ఎజ్జోడూ కూర్చుని తేలుస్తారు. ఆ రోజు కోడి కోస్తారు, కొత్త గింజ వండుతారు, కల్లు తాగుతారు, డప్పు మోగుతుంది. మర్నాటి నుంచీ ఎవరి ఇష్టం వారిది.

బయటివాడికి ఇందులో డప్పూ ఆటా కనిపిస్తాయి. గూడెంలో ఉన్నవాడికి ముందు కనిపించేది ఆ ఆంక్ష. కొండ మీద మామిడి చెట్లన్నిటికీ యజమానులుండరు. ఆంక్ష లేకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పిందె గట్టిపడగానే ఎవడు ముందు చెట్టెక్కితే వాడిదే పంట. షావుకారు లారీ కొండ కింద నిలబడి ఉంటే మరీను. అందరూ ఆగితే కాయ ముదురుతుంది, కొంత రాలుతుంది, పక్షీ ఉడతా తింటాయి, టెంక నేలలో పడుతుంది. టెంకలో జీడిని ఎండబెట్టి వానాకాలంలో అంబలి కాచుకునే అలవాటు ఈ కొండల్లో ఉంది కాబట్టి ముదిరిన కాయకు ఇంకో విలువ కూడా ఉంది. కందికీ అంతే. అందరి చేలూ ఎండేదాకా ఎవరూ మొదలెట్టకూడదంటే, వెనకబడిన ఇంటికి కూడా పండగ రోజున కుండలో గింజ ఉంటుంది. విత్తనానికి పక్కన పెట్టడం కూడా ఆ వరసలోనే జరిగిపోతుంది.

ఇది భక్తా, కట్టుబాటా అని అడిగితే రెండూ అంటాను. పర్యావరణం పేరుతో మనం బయటి నుంచి మోసుకెళ్లాలనుకుంటున్న సరుకు ఆ పండగలో ముందే ఉంది, అదీ ఆ పండగ జరిగే వేళలో ఉంది. ఆ వేళను కదిపితే డప్పు మిగులుతుంది, ఆంక్ష పోతుంది. అప్పుడు ఆకు విస్తట్లో తిన్నా, అరిటాకులో తిన్నా ఆ పండగకు పర్యావరణంతో సంబంధం పెద్దగా ఉండదు.

కానీ పర్యాటకుడికి తేదీ కావాలి. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చేవాడు శ్రీకాకుళం రోడ్డుకో పలాసకో పార్వతీపురానికో రైలు టికెట్టు కొనాలి. రైల్వే ముందస్తు రిజర్వేషను గడువు 2024 నవంబరు నుంచి 60 రోజులు. అంటే రెండు నెలల ముందు తేదీ తెలియాలి. కంది ఏ వారం ఎండుతుందో రెండు నెలల ముందు చెప్పగలిగే రైతు ఎవరూ లేరు. ఒక ఏడు పుష్యంలోనే అయిపోతుంది, ఇంకో ఏడు మాఘం దాటుతుంది. అధికారులకు మరో ఇబ్బంది ఉంది. మంత్రిగారి తీరిక, బడ్జెట్టు విడుదల, పోలీసు బందోబస్తు అన్నీ కలిసొచ్చే శనివారం కావాలి. ఈ రెండు ఒత్తిళ్ల మధ్య పడి కంది కొత్త కూడా శనివారానికి జరగక తప్పదు. చేలో కంది పచ్చిగా ఉన్నా వేదిక మీద కొత్త పెట్టేస్తారు, సంతలో కొన్న కందితో.

అలాగని మన వైపు పండగలన్నీ జనం వస్తే చెడిపోయేవి కావు. ఇక్కడే రెండు రకాలను విడదీసి చూడాలి.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం ఆదివాసీ పండగ కాదు గానీ, జానపద సంబరం ఎంత పెద్దదైనా తన పద్ధతిని ఎలా నిలబెట్టుకోగలదో చూడ్డానికి దాన్ని మించింది ఈ చుట్టుపక్కల లేదు. విజయదశమి వెళ్లిన మంగళవారం సిరిమాను. ఈ లెక్క పిల్లాడికైనా తెలుసు, పంచాంగం చూసి పదేళ్ల తర్వాతి తేదీ కూడా చెప్పొచ్చు. టికెట్టు కొనేవాడికీ ఇబ్బంది లేదు, అమ్మవారికీ లేదు. ముందు రోజు రాత్రి తొలేళ్లు. అమ్మవారి దగ్గర పెట్టిన విత్తనాలు పంచుతారు, రైతులు వాటిని తీసుకెళ్లి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. మంగళవారం యాభై అరవై అడుగుల చింతమాను కొసన పూజారి కూర్చుంటే, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. పెదచెరువులో అమ్మవారి విగ్రహం దొరికిందన్న కథలో వలకు చోటుంది కాబట్టి ఊరేగింపులోనూ వలకు చోటుంది. బొబ్బిలి యుద్ధం 1757లో. ఆ కథలోని విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలే ఈ పైడితల్లి అంటారు.

ఆ రోజు రోడ్లన్నీ జనమే. అయినా మాను ఏ చెట్టో, ఎవరి దొడ్లోదో తేల్చేది పూజారి కల. దాన్ని మోసే ఇరుసుమాను కూడా అలాగే. ప్రభుత్వం పక్కనే విజయనగరం ఉత్సవాలని సంగీతం, నాటకాలు, పుష్ప ప్రదర్శన పెట్టుకుంటుంది. అవి వేరే వేదికల మీద వేరే వేళల్లో జరుగుతాయి. సిరిమాను వేళను సాంస్కృతిక కార్యక్రమం కోసం జరపమని అడిగే ధైర్యం ఏ అధికారికీ లేదు. మక్కువ మండలంలో శంబర పోలమాంబ జాతరకూ సంక్రాంతి తర్వాత అంతే జనం, ఒడిశా నుంచి కూడా వస్తారు. అక్కడా సిరిమాను ఉంది.

జాతర అనేది మొదటినుంచీ బయటివాళ్లను కలుపుకుని పెరిగింది. దారి పొడుగునా దుకాణాలు, మొక్కులు, బంధువులు, దొంగలు, పోలీసులు అన్నీ దానికి అలవాటే. ‘కొత్త’ పండగ ఇంటింటి వ్యవహారం. ఇరవై ముప్పై గడపల గూడెంలో రెండు వందలమంది కెమెరాలతో దిగితే ఆ పూట వంట ఎవరికి చేయాలో ఇంటావిడకే తెలియదు. ఈ తేడా పట్టించుకోకుండా ‘గిరిజన పండగలు’ అని అన్నిటినీ ఒకే సంచిలో వేసి పర్యాటక క్యాలెండరు అచ్చేయడం వల్లే సగం గొడవ.

ఇక వేదిక మీదికెక్కే ఆటపాటల సంగతి. థింసా చేతులు వెనకగా పెనవేసుకుని వలయంగా కదిలే ఆట. ఆడేవాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు, చూసేవాడు కావాలంటే వరసలో దూరతాడు. వేదికెక్కించగానే వలయం గీత అవుతుంది, ముఖాలు ముందు వరస సోఫాల వైపు తిరుగుతాయి. శ్రీకాకుళం, విజయనగరం మైదానాల తప్పెటగుళ్లదీ అదే కష్టం. రొమ్ముకు గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని రాత్రంతా కథ నడిపి, ఎగిరి, మెట్టు మీద మెట్టుగా నిలబడే బృందానికి ఏడు నిమిషాలిస్తారు. జముకు వాయిద్యం మోగిస్తూ చెప్పే జముకుల కథకు అదీ దక్కదు, సౌండు చెకింగులో పోతుంది. ఆఖర్న శాలువా, మెమెంటో, గ్రూపు ఫొటో. బస్సు ఛార్జీల సంగతి తర్వాత మాట్లాడదామంటారు. వేదిక తీసేసి నేల మీద ఆడిస్తే, ఒక్కో బృందానికి ఒక సాయంత్రం మొత్తం ఇస్తే ఖర్చు పెరగదు, తగ్గుతుంది. వేదిక కట్టే కాంట్రాక్టరు ఒక్కడే ఒప్పుకోడు.

సవర బొమ్మలది ఇంకా సున్నితమైన విషయం. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి ముద్దతో, పుల్లతో వేసే తెల్లబొమ్మ అది. ఇల్లు, మనుషులు, సూర్యచంద్రులు, నెమలి, ఏనుగు, ఈమధ్య సైకిలు, విమానం కూడా. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తేనో, చనిపోయినవారి పేరు మీదో, పంట మొదట్లోనో ఆ బొమ్మ వేస్తారు. పెద్దల ఆత్మ వచ్చి ఉండడానికి కట్టిన ఇల్లది. దాన్ని కాన్వాసు మీద వేసి అమ్మడం తప్పని నేననను. వేసేవాళ్లకు ఇష్టమై, డబ్బు వాళ్లకు చేరితే సంతోషమే. ఒడిశా లాంజియా సవర బొమ్మకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా. మనవైపు సవరలు సరిహద్దుకు ఇవతల ఉన్నంతమాత్రాన వాళ్ల గోడలు వేరైపోవు, కానీ ఆ గుర్తింపు కాయితం మాత్రం గీతకు అటే ఆగుతుంది. ఉత్సవంలో చేయకూడనిది ఒకటుంది. జబ్బు మనిషి కోసం వేసిన గోడ ముందుకు సెల్ఫీల కోసం జనాన్ని తీసుకెళ్లడం. అమ్మే బొమ్మా కొలిచే బొమ్మా ఏవో ఆ ఇంటివాళ్లకు బాగా తెలుసు. అడిగితే చెప్తారు.

అడగడానికి భాష రావాలి. సవర ముండా కుటుంబపు భాష, తెలుగుతో చుట్టరికం లేదు. మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గరే ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, బడులు పెట్టించి, 1931లో సవర వ్యాకరణం అచ్చు వేయించారు. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేస్తాం. అదే నెల 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం వేదిక మీద వ్యాఖ్యానం మొత్తం తెలుగులో సాగుతుంది, మధ్యలో ఇంగ్లీషు. ముందు వరసలో కూర్చున్న సవర ముసలావిడకు ఆమె పండగ గురించి ఏం చెప్తున్నారో తెలియదు. ఒక సవర కుర్రాణ్ణి మైకు దగ్గర నిలబెట్టడానికి బడ్జెట్టు అక్కర్లేదు.

ఇప్పుడు నేల. చాలామంది నిర్వాహకులు దాటవేసే భాగం ఇదే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు సీతంపేట, భామిని, పాలకొండ వైపు శ్రీకాకుళం నుంచీ, సాలూరు, కురుపాం, పార్వతీపురం వైపు విజయనగరం నుంచీ తెగి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. రెండు ఐ.టి.డి.ఏ.లూ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు) అటే వెళ్లాయి. శ్రీకాకుళంలో మిగిలిన మందస, మెళియాపుట్టి, పాతపట్నం వైపు సవర గూడేలూ, విజయనగరంలో మిగిలిన శృంగవరపుకోట, మెంటాడ వైపు కొండ గూడేలూ చాలావరకు, గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డు ప్రాంతానికి బయట ఉన్నాయి. మనుషులు వాళ్లే, కొండ అదే, చట్టం మాత్రం వేరు.

షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 అనే భూమి చట్టం ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను గట్టిపరుస్తూ 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది. గిరిజనుడు కానివాడు అక్కడ భూమి కొనడానికి లేదు, గిరిజనేతరుడు అమ్మినా గిరిజనుడికే అమ్మాలి. ఇది ఊరికే రాలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయాక రాజుకున్న శ్రీకాకుళ గిరిజన సాయుధ పోరాటం దీని వెనక ఉంది. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదంది. కేసు గనుల గురించే. అయినా సీతంపేట కొండ మీద ఓ కంపెనీ ‘ఎకో రిసార్టు’ కడతానంటే మొదట తగిలే గోడ ఇదే. గోడ ఉందంటే కన్నాలు కూడా ఉంటాయి. గిరిజనుడి పేరున పట్టా, పక్కన నోటిమాట ఒప్పందం, టెంట్లు ఎవరివో అందరికీ తెలుసు.

మందస వైపు ఆ గోడే లేదు. మహేంద్రగిరి కనిపించే చోట, జీడితోటల పక్కన ఎవరైనా భూమి కొనుక్కోవచ్చు. గ్రామసభకు ప్రత్యేక అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం కూడా షెడ్యూల్డు ప్రాంతానికే. కాబట్టి అక్కడ ఉత్సవం హిట్టయితే భూమి ధర పెరుగుతుంది, పెరిగిన ధర వల్ల లాభపడేది గూడెం కాదు. 2006 అటవీహక్కుల చట్టం మాత్రం రెండు చోట్లా నడుస్తుంది. తేనె, చీపురుపుల్ల, అడ్డాకు లాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గిరిజనులదని అది చెప్తుంది. జీవవైవిధ్యానికీ సంస్కృతికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమష్టి హక్కు ఇస్తుంది. తమ సాంస్కృతిక, సహజ వారసత్వానికి దెబ్బ తగలకుండా చూసుకునే అధికారం సెక్షన్ 5 కింద హక్కుదారులకూ గ్రామసభకూ ఇచ్చింది. ‘కొత్త’ పండగను పోస్టరు మీద అచ్చేయాలంటే గ్రామసభ తీర్మానం అడగడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు. ఇప్పటిదాకా తీర్మానమంటే సంతకాలు, వేలిముద్రలు తీసుకోవడంగానే సాగుతోంది.

రోడ్డు సంగతి ఒక్కమాట. వ్యూ పాయింటుకు తారురోడ్డు పడిన కొండల్లోనే, శృంగవరపుకోట మండలం దారపర్తి లాంటి గిరిశిఖర గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చారు. పర్యాటకం పేరుతో రోడ్డు వస్తే రానివ్వండి, తప్పులేదు. కానీ ఉత్సవం బడ్జెట్టులో రోడ్డు ఉంటే అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడాలి. జలపాతం దగ్గర ఆగితే ఒక అర్థం, జలపాతం దాటి గూడెందాకా పోతే ఇంకో అర్థం.

డబ్బు ఎటు పోతుందో చూడ్డానికి పెద్ద ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. టెంట్లూ లైట్లూ విశాఖ నుంచి, యాంకరు హైదరాబాదు నుంచి, భోజనం కేటరింగు పట్నం నుంచి, మంచినీళ్ల సీసాలు కంపెనీ నుంచి. గూడెం నుంచి నాట్యబృందం, పార్కింగుకు ఖాళీ పొలం. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. తేనె, చింతపండు, కరక్కాయ కొని అమ్మే యంత్రాంగం దాని దగ్గర ఉంది. కానీ ఉత్సవంలో దాని స్టాలు ఒకటి పెట్టించి గిరిజన ఉత్పత్తులకు ప్రోత్సాహం ఇచ్చామనుకోవడం సరిపోదు. వంట గూడెం ఆడవాళ్లకిస్తేనే కొర్రా చోడీ గూడెం నుంచి కొంటారు. కేటరర్‌కిస్తే కొర్రలు కూడా సూపర్ మార్కెట్టు పాకెట్లలో వస్తాయి. కేరళలో కుమరకం దగ్గర 2008లో మొదలైన బాధ్యతాయుత పర్యాటకంలో చేసింది పెద్దగా ఇదే. హోటళ్లకు కావాల్సిన కూరగాయలు, పాలు, చేపలు ఊళ్లోనే కొనే ఏర్పాటు. ఉత్సవం కన్నా అది ఏడాది పొడుగునా నడిచే వ్యవహారం కాబట్టి నిలబడింది.

చెత్త గురించి ఇప్పుడు మాట్లాడుకోవచ్చు, అందరూ అక్కడే మొదలెడతారు గనక నేను వెనక్కి జరిపాను. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థెర్మోకోల్ దేశమంతటా నిషేధం. 100 మైక్రాన్ల కంటే పలచని పి.వి.సి. బ్యానర్లూ అంతే. కాబట్టి ‘ప్లాస్టిక్ రహిత ఉత్సవం’ అనేది గొప్పేమీ కాదు, చట్టం అడిగేదే. విస్తర్ల దగ్గర ఒక మోసం జరుగుతోంది. మిషను మీద ఒత్తిన విస్తరికి పైన అడ్డాకు, అడుగున ప్లాస్టిక్ పొర. చూడ్డానికి ఆకే, పెంటలో వేస్తే కుళ్లదు, ఆవు తింటే కడుపులో ఉండిపోతుంది. వెదురు పుల్లతో కుట్టిన విస్తరి అడిగి తెప్పించుకోవాలి. కొండ మీద ఆడవాళ్లు కుట్టేది అదే, ధర కూడా వాళ్లకే దక్కుతుంది.

విస్తరి కంటే నీళ్ల సీసా పెద్ద సమస్య. వెయ్యిమంది మూడు రోజులు, పూటకొక్క సీసా అనుకున్నా తొమ్మిది వేల సీసాలు. గూడేనికి చెత్త బండి రాదు. ఆ సీసాలు గెడ్డలో (కొండవాగులో) పడతాయి, గెడ్డ నాగావళిలోనో వంశధారలోనో కలుస్తుంది. 2015లో కేరళ జాతీయ క్రీడలను హరిత నియమావళితో నడిపినప్పుడు వాళ్లు ముందు చేసింది చెత్త పుట్టకుండా చూడ్డం, కడిగి మళ్లీ వాడే పాత్రలు పెట్టడం. మనకు చలివేంద్రం కొత్త కాదు. కుండ, మూత, కాడ ఉన్న చెంబు, వచ్చేవాడు తన సీసా తానే తెచ్చుకోవాలన్న షరతు. మరుగుదొడ్లు, వాటి గుంటలు గెడ్డకు ఎంత దూరం, ఆ నీళ్లు ఎవరు తాగుతారు అన్నది ఏ ఆహ్వానపత్రికలోనూ ఉండదు. నన్నడిగితే ఎంతమందిని రానివ్వాలన్నది తేల్చాల్సింది ఆ గుంటల లెక్కే.

శబ్దం సంగతి సముద్రం వైపుకెళ్తే ఇంకా బాగా తెలుస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలంలో వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలు వస్తాయి. ‘సైబీరియా పక్షులు’ అని ప్రతి కరపత్రంలో రాస్తారు గానీ ఇవి దక్షిణాసియాలోనే ఉండి తిండీ నీరూ చూసుకుని చోటు మార్చుకునేవి. దూరం నుంచి వచ్చాయంటే గొప్పగా ఉంటుందని రాస్తారేమో. అసలు గొప్ప ఊళ్లదే. పెరట్లో చెట్టు మీద గూడు కట్టి, రెట్టలతో వాకిలి పాడుచేసినా తేలుకుంచి జనం తరిమేయరు. అవి వచ్చిన ఏడు వానలు బాగుంటాయని నమ్మకం. రెట్టలు కడుక్కునేది ఊరు. ఆ చెట్ల కింద పక్షుల ఉత్సవం పెట్టి స్పీకర్లు కడితే గూళ్లలో పిల్లలున్న నెలల్లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి నుంచి మార్చిదాకా రాత్రిపూట లైట్లదీ అదే కథ, గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురున్న వైపుకే పోతుంది. రాత్రి పది తర్వాత లౌడు స్పీకరు వద్దని 2000 నాటి నిబంధనలు చెప్తున్నా, పక్షికి పగలు కూడా చెవులుంటాయి.

తేదీ ముడికి మళ్లీ వస్తే, దాన్ని ఈశాన్యంలో ఎప్పుడో విప్పారు. నాగాలాండ్ హార్న్‌బిల్ ఉత్సవం 2000 నుంచి కొహిమా దగ్గర కిసామాలో ఏటా డిసెంబరు 1 నుంచి 10 దాకా. డిసెంబరు 1 రాష్ట్రం పుట్టినరోజు, ఏ తెగ పంటకూ సంబంధం లేదు. అంగామీల సెక్రెన్యీ ఫిబ్రవరిలో, ఆవోల మోవాత్సు మేలో, సుమీల తులునీ జులైలో వాళ్ల ఊళ్లలో వాళ్ల పద్ధతిలో జరిగిపోతాయి. అరుణాచల్‌లో జీరో లోయ సంగీతోత్సవం 2012 నుంచి సెప్టెంబరులో. వెదురు వేదికలు అక్కడి అపతానీలే కడతారు. అపతానీల సొంత పంట పండగ డ్రీ మాత్రం జులైలోనే, దాని జోలికి ఎవరూ పోరు. హార్న్‌బిల్ మీద విమర్శలు లేకపోలేదు. తెగలను అద్దాల బీరువాలో పెట్టినట్టుందని అక్కడివాళ్లే అంటారు. అయినా చూపించడానికి పెట్టుకున్నదీ తమ కోసం చేసుకునేదీ వేరు వేరు రోజుల్లో ఉండటం వల్ల రెండోది బతికి ఉంది.

శ్రీకాకుళానికి ఆ పద్ధతి కుదురుతుంది. అక్టోబరు, నవంబరు వద్దు. అవి తుపాన్ల నెలలు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి అక్కడి ఉద్దానం తోటల ప్రాంతాన్ని ఏం చేసిందో చూశాం. సంక్రాంతి వారం వద్దు, వలస వెళ్లినవాళ్లంతా ఇంటికొచ్చే రైళ్లలో పర్యాటకుడికి నిలబడే చోటు కూడా దొరకదు. వరి కోతలయ్యాక డిసెంబరు రెండో సగంలో ఏటా ఒకటే తేదీ పెట్టి, కొండ కింద సంత జరిగే చోట మూడు రోజుల మేళా చేయొచ్చు. తప్పెటగుళ్లు, జముకుల కథ, సవర బొమ్మలు, పొందూరు ఖద్దరు, బుడితి కంచు, బొబ్బిలి వీణ, కొండ వంట అన్నీ అక్కడ. ఎవరైనా రావొచ్చు. సంతకు బయటివాడు ఎప్పుడూ అలవాటే. కంది కొత్త మాత్రం పోస్టరు మీద ఉండదు. గూడెం పెద్దలు ఏ వారం అనుకుంటే ఆ వారం జరుగుతుంది, ఎవరినైనా పిలవాలనుకుంటే ఫోను చేసి వాళ్లే పిలుచుకుంటారు.

ఇందులో తేలనిది ఒకటి మిగిలింది. గూడెంలో ఇంటర్ చదివిన కుర్రాళ్లకు వేదికా కావాలి, డీజే కూడా కావాలి. ముసలివాళ్లు వద్దంటారు. ‘కొత్త’ రోజున స్పీకరు కట్టాలా వద్దా అన్న తగవు ఇప్పటికే కొన్ని ఇళ్లలో నడుస్తోంది. అది పర్యాటక శాఖ తీర్చే తగవు కాదు, నాలాంటివాడు వ్యాసం రాసి తీర్చేదీ కాదు. గ్రామసభలో కుర్రాళ్లూ ఉంటారు, ఆడవాళ్లూ ఉంటారు, ఎజ్జోడూ ఉంటాడు. మేళా నిర్వాహకులు చేయగలిగింది ఆ తగవులో ఒక పక్షానికి జనరేటరు అద్దెకివ్వకుండా ఉండటమే.